బురుజుకి మిగిలిన ఒక్క అంతస్తు

బాన్సువాడ బస్టాండు ఎదురు సందులో ఒక ఇంటర్నెట్ షాపు ఉండేది. అంతకుముందు అది ఎస్టీడీ బూత్. తొంభైలలో ఊరి జనం గల్ఫ్‌లో ఉన్నవాళ్ళతో మాట్లాడడానికి అక్కడ బల్లల మీద వరసగా కూర్చునేవారు. వంతు రాగానే అద్దాల గదిలోకి వెళ్ళి, తలుపు గట్టిగా వేసుకుని, సందు చివరిదాకా వినపడేలా రహస్యాలు చెప్పుకునేవారు. ఆ రహస్యాలన్నీ వింటూ పెరిగిన మనిషి, ఇళ్ళల్లోకి ఫోన్లు వచ్చాక అద్దాల గది పీకించి ఆ జాగాలో కంప్యూటర్లు పెట్టాడు. మా అందరికంటే బాగా పెద్దవాడు. మేం ఆయన్ని అన్న అనేవాళ్ళం.

నేను ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికి మొదటిసారి ఆ షాపులో అడుగుపెట్టాను. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక కారణం అర్థమైంది, దానికీ చెప్పడానికి మొహమాటంగా ఉన్నట్టుంది. పక్క కంప్యూటర్లో అన్న ఏదో ఆట ఆడుతున్నాడు.

"ఫెయిలా?" అన్నాడు తల తిప్పకుండా.

"ఒక్క సబ్జెక్టే అన్నా."

"గంతేనా? కూసో. నీకో ఊరిస్త."

అలా నాకు ఊరు వచ్చింది.

ఆట బ్రౌజర్‌లో నడిచేది. చేరగానే ఒక పెద్ద పటం మీద నీకో ఊరు ఇస్తారు. అందులో పొలాలు, గాదె, చుట్టూ గోడ, కాస్త సైన్యం. అదే పటం మీద ఎక్కడెక్కడి దేశాలవాళ్ళకో ఊళ్ళుంటాయి. వాళ్ళు మన గాదె దోచుకోవచ్చు, మనం వాళ్ళది దోచుకోవచ్చు. పంట పండడానికి నిజంగానే గంటలు పడుతుంది. ధాన్యం బండి పక్క ఊరికి చేరడానికి నిజంగానే ఒక పూట పడుతుంది. నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం చూసీ చూసీ విసిగిపోయి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి, కంప్యూటర్ మళ్ళీ వరి పొలమే చేతికిచ్చింది. మేం దాన్ని ఆధునికత అనుకున్నాం.

మా ముఠాలో నలుగురం. నేను, అన్న, బావ, అక్క.

బావ వర్ని దగ్గరి ఊరి నుంచి బండి మీద వచ్చేవాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి చేసుకున్న కుటుంబం. నాకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయన అన్నను తప్ప అందర్నీ "బావా" అనేవాడు గనక మేమూ అదే తిరిగి ఇచ్చేశాం. మామూలుగా ఉన్నప్పుడు వాళ్ళ తాతగారి యాసలో మాట్లాడేవాడు. కోపం వస్తే మా యాసలోకి దిగేవాడు. కాబట్టి ఆయన ఏమంటున్నాడో వినక్కర్లేదు, ఏ యాసలో అంటున్నాడో వింటే చాలు, ఎంత దూరం జరగాలో తెలిసిపోయేది.

అక్కది కోటగిరి. అక్కడి ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌కి కవరు కుట్టించి, పిల్లలు ముట్టకుండా బీరువా పక్కన దాచారు. దసరాకి ఆయుధపూజలో బయటికి తీసేవారు. అందుకని కంప్యూటర్ టీచరు కంప్యూటర్ ముట్టుకోవాలంటే సాయంత్రం షేర్ ఆటో ఎక్కి బాన్సువాడ రావలసి వచ్చేది.

మాకు ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. ఆట రాత్రింబవళ్ళు నడుస్తుంది, మా షాపు నడవదు. అప్పట్లో మా ఇళ్ళల్లో నెట్ అన్నది లేదు. అన్న షట్టర్ దించాడంటే మా నాలుగు ఊళ్ళూ దిక్కులేనివే. ఎక్కడో తెల్లవారి కాఫీ తాగుతున్నవాడు తీరిగ్గా వచ్చి మా గాదెలు ఊడ్చుకుపోయేవాడు. అన్న అత్తగారింటికి వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు. మా నాగరికతలు ఆయన మరదలి పెళ్ళిచూపుల కారణంగా కూలిపోయిన సందర్భాలున్నాయి.

దీనికి మందు బావే కనిపెట్టాడు, అదీ కాలువ గట్టు మీదినుంచి తెచ్చాడు. ఆటలో గాదెలో ఉన్న ధాన్యాన్నే దొంగ ఎత్తుకుపోగలడు. దారిలో ఉన్న బండిని ఎవరూ ముట్టలేరు. అంటే షాపు మూసేముందు నలుగురి ధాన్యమూ బండ్లకెత్తి ఒకరి ఊరి నుంచి ఇంకొకరి ఊరికి తోలేస్తే, రాత్రంతా అది దారిలోనే ఉంటుంది. పొద్దున అన్న షట్టర్ ఎత్తాక చేరుతుంది.

"మా చేలో వంతు నీళ్ళు రాత్రి కూడా పారతానే ఉంటాయి కదా, ఇదీ అంతే" అన్నాడు బావ. "పారేదాన్ని ఎవడెత్తుకెళ్తాడు?"

అయితే నలుగురి బండ్లూ లెక్క తప్పకుండా తోలడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి మేం పెట్టిన పేరు నీరటి. నీరటి అంటే మా వైపు ఊళ్ళల్లో పొలాలకు నీళ్ళు పంచే మనిషి. ఏ మడికి ఎప్పుడు వదలాలో, ఏ తూము ఎప్పుడు మూయాలో ఆయన ఇష్టం. ఊళ్ళో అది ఒకే ఇంటివాళ్ళ పని. మా దగ్గర మాత్రం వారానికొకరి వంతు. ఆ వారం నలుగురి పాస్‌వర్డులూ నీరటి చేతిలో ఉంటాయి. నియమాలు రెండే. నీరటి వంతు నడుస్తుండగా ఎవరూ తన తూము తాను ముట్టకూడదు, ఆయన చేసింది నచ్చకపోతే వారం దాటాక తిట్టుకోవాలి. రెండోది, కాలువ చివర ఉన్న మడికి ముందు నీళ్ళు, అంటే ఎవరి గాదె బాగా ఎండిపోయిందో ముందు వాళ్ళకు ధాన్యం. మా పెద్దవాళ్ళు కాలువ గట్టు మీద ఈ నియమం గురించి గొప్పగా మాట్లాడేవారు, ప్రతి పంటకూ తప్పేవారు. మేం కంప్యూటర్లో తప్పకుండా పాటించాం. చదువుకున్న తరం కదా.

పొద్దున్నే రిపోర్టులు వచ్చి ఉండేవి. ఫలానా సైన్యం వచ్చింది, గాదె ఖాళీగా ఉంది, వెళ్ళిపోయింది. ఒకసారి ఒక శత్రువు విసిగిపోయి, అసలు మీరు ఏం తిని బతుకుతున్నారు అని ఇంగ్లిష్‌లో రాశాడు. అక్క జవాబిచ్చింది: పగలు తింటాం.

తర్వాత మమ్మల్ని ఆటలోంచి గెంటేశారు. నలుగురమూ ఒకే షాపు నుంచి, ఒకే కనెక్షన్ నుంచి, ఒకరి ఊరు ఇంకొకరం చూసుకుంటున్నాం గనక, నిర్వాహకుడి లెక్కలో మేం నలుగురు మనుషులం కాదు, ఒకే మనిషి వేసిన నాలుగు వేషాలం. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. "బతికుండంగనే మనిషిని లేడు అంటడా?" అన్నాడు, మా యాసలో. అక్క కూర్చుని వినయంగా ఒక విన్నపం రాసింది: మా ఊళ్ళో నెట్ ఉన్న షాపు ఇదే, మేం నిజంగానే నలుగురం, కావాలంటే మేం ఆటలో ఒకరికొకరం పంపుకున్న సందేశాలు చూడండి. నిర్వాహకుడు చూశాడు. భాష తనకు అర్థం కాలేదనీ, కానీ ఇన్ని ఆశ్చర్యార్థకాలు పెట్టి ఏ మనిషీ తనను తాను తిట్టుకోడు గనక నమ్ముతున్నాననీ రాసి, మా ఊళ్ళు మాకిచ్చేశాడు. ప్రపంచంలో ఎక్కడైనా తిట్లు సాక్ష్యంగా పనికొచ్చాయో లేదో నాకు తెలియదు. మాకు పనికొచ్చాయి.

ఇదంతా మంచి రోజుల్లో. ఆ రోజుల్లో మాకు ఆట నుంచి కావలసినవి చాలా ఉండేవి. ఆటగాళ్ళు సూచనలు రాయడానికి ఒక చోటు ఉండేది. బావ అక్కడ వారం వారం ఏదో ఒకటి అడిగేవాడు. ఏనుగులు కావాలన్నాడు. బండ్లు ఇంకా తొందరగా పోవాలన్నాడు. ఊరు బొమ్మ మరీ చప్పగా ఉంది, కొత్త రూపం కావాలన్నాడు. నాకు ర్యాంకు కావాలి. పట్టికలో నా పేరు మొదటి పేజీలో కనపడాలి, దాన్ని ఇంటర్ ఫలితాలు చూసినవాళ్ళందరికీ చూపించాలి. అక్కకు శత్రువుల చేత క్షమాపణ చెప్పించాలని ఉండేది. అన్నను అడిగితే, "నాకేం గావాలె? మోడెమ్ జర సప్పుడు తక్కువ జేస్తె సాలు" అనేవాడు.

కొన్నేళ్ళు గడిచాయి. నేను ఆ సబ్జెక్టు పాసై, డిగ్రీలో ఇంకొన్ని సబ్జెక్టులతో పరిచయం పెంచుకున్నాను. బావకు పొలం బాధ్యత మీదపడింది. కోతల రోజుల్లో తల నిండా వరిపొట్టుతో వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా, తెర మీది వరి పండిందో లేదో చూసుకునేవాడు. ఒకసారి వాళ్ళ నాన్న వెతుక్కుంటూ షాపుకే వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు తెర చూసి, "ఇక్కడి వరి గాలికొదిలేసి అక్కడి వరికి కాపలా కాత్తన్నావంట్రా?" అన్నాడు. బావ లేచి నిలబడ్డాడు. పెద్దాయన కదల్లేదు. ఇంకాసేపు చూసి, "ఆ మూల మడికి ముందు పెట్టాలి, ఎండిపోతంది" అని చెప్పి వెళ్ళాడు.

ఆట ముసలిదైంది. ఎప్పుడైందో ఫలానా రోజని చెప్పలేను. మనుషుల ముసలితనం లాగే, ఒకరోజు చూస్తే అయిపోయి ఉంది. కొత్త ఆటలొచ్చాయి, పటం మీది ఊళ్ళు ఒక్కొక్కటే బూడిద రంగుకి తిరిగాయి. బూడిద రంగంటే ఆ ఊరివాడు రావడం మానేశాడని అర్థం. దాంతో ఆట యజమానులకు కంగారు పుట్టి, మేం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నవన్నీ ఒకేసారి ఇచ్చేశారు. కొత్త రూపం వచ్చింది. ఊరి బొమ్మలో కోళ్ళు తిరగడం మొదలైంది. బండ్ల వేగం పెరిగింది. ఏనుగు కూడా వచ్చింది.

బావ తెర మీద అటూ ఇటూ మౌస్ తిప్పాడు. తర్వాత, "గిదంత ఎవడు అడిగిండు?" అన్నాడు.

"నువ్వే బావా. ఏనుగు కావాలని నువ్వే రాసినవ్" అన్నాను.

"అడిగితే మాత్రం ఇచ్చేస్తరా? గాదె బటన్ ఈడ ఉండాలె గదా, గాడికెందుకు పోయింది?"

అక్క అప్పటికే పాత రూపం ఎలా తెచ్చుకోవాలో వెతుకుతోంది. బండ్లు తొందరగా పోతే మాకు ఇంకో నష్టం: సాయంత్రం తోలిన ధాన్యం తెల్లవారకముందే చేరిపోయి గాదెలో దొంగల కోసం ఎదురుచూసేది. బావ తొలిరోజుల్లో ఎక్కడ వేగం కావాలని రాశాడో, అదే చోట కూర్చుని, దయచేసి బండ్లను నెమ్మది చేయండి అని రాశాడు. ఆట యజమాని ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే వ్యాపారం మానేసి సన్యాసుల్లో కలిసేవాడు.

అప్పటినుంచి మా కోరికలు ఏటా తగ్గుతూ వచ్చాయి. ఏనుగుల దగ్గర మొదలైన బావ, ఏమీ మార్చకుంటే చాలు అనే దగ్గరికి వచ్చాడు. అక్క ఇంకాస్త తగ్గి, పేజీ తెరుచుకుంటే చాలు అంది. నా ర్యాంకు సంగతి విచిత్రంగా తీరింది. నేను మొదటి పేజీలోకి వచ్చేశాను, మేం నలుగురమూ వచ్చేశాం. మేం పెరగలేదు, మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ర్యాంకుల పట్టికకు ఈ రెండిటికీ తేడా తెలియదు. పట్టిక చూపిద్దామంటే, నా ఇంటర్ ఫలితాలు గుర్తున్నవాళ్ళు కూడా ఊళ్ళో మిగల్లేదు.

ఇక బురుజు దగ్గరికి వస్తాను. ఆటలో గెలవడానికి దారి ఒకటే. పటం మీద కొన్ని చోట్ల పెద్ద బురుజు కట్టుకోవచ్చు. ఎవరు ముందు పై అంతస్తు పూర్తి చేస్తారో వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన మరుక్షణం ఆ ప్రపంచం ముగిసిపోతుంది. అందరి ఊళ్ళూ చెరిగిపోతాయి. కొత్త పటం మీద అందరూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈ సంగతి నియమాల మొదటి పేజీలోనే ఉంది. మేం దాన్ని చదివింది బురుజు దాదాపు పూర్తయ్యాక.

అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు గనక మా బురుజు తీరిగ్గా లేచింది. ఆఖరి అంతస్తు ఒక్కటి మిగిలింది. బావ ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు తెచ్చాడు, గెలుపు కోసం.

"ఆగు" అన్నాడు అన్న.

"ఎందుకన్నా? ధాన్యం ఉంది, రాయి ఉంది, నొక్కడమే" అన్నాడు బావ.

"నొక్కితె ఆట ఐపోతదట. అక్క సదివింది."

"అయిపోతే గెలిచినట్టే కదన్నా. ఇన్నేళ్ళు ఆడింది అందుకే కదా."

అన్న కౌంటర్ వెనకనున్న గోడ చూశాడు. పాత అద్దాల గది మేకుల గుర్తులు ఆ గోడకు ఇంకా ఉండేవి. "ఎస్టీడీ ఉన్నప్పుడు ఊరంత ఈడ్నే ఉంటుండె" అన్నాడు. "ఫోన్లు ఇండ్లకొచ్చినయ్, ఒక్కడన్న మళ్ళ ఊరికే రాలే. ఇప్పుడు నెట్టు సుత సెల్లులకే వస్తుంది. మీరు ముగ్గురు వచ్చేది గీ ఊర్ల కోసమే. గివి పోతె ఇగ మీకేం పని ఈడ?"

ఇంత సూటిగా మాట్లాడితే నాలాంటివాడికి చాలా ఇబ్బంది. ఏదో ఒక జోకు వేసి ఆ గాలి తీసేయాలనిపిస్తుంది. "బజ్జీల కోసమన్నా వస్తం అన్నా" అన్నాను. అన్న నవ్వాడు గానీ, బటన్ వైపు మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వలేదు. బావ ఒక బజ్జీ తీసుకుని, "సరే, ఆగుదాం. తొందరేముంది" అన్నాడు. తొందర ఉందని ఆయన మొహం చెప్తూనే ఉంది. అయినా ఆగాడు.

అలా మేం గెలవకుండా ఉండడం మొదలుపెట్టాం. చెప్పడానికి తేలిక గానీ, గెలవడం కంటే అది పెద్ద చాకిరీ. బురుజుకు కాపలా సైన్యం కావాలి, సైన్యానికి తిండి కావాలి, తిండి తగ్గితే బురుజు బీటలు వారుతుంది. పూర్తి చేయకూడదు, పడిపోనివ్వకూడదు. అక్కకు బడిలో పరీక్షల హడావుడి ఉన్నా ఆటో ఎక్కి వచ్చేది. బావ నాట్ల మధ్యలో వచ్చేవాడు. ఏమీ జరగకుండా చూసుకోవడానికి నలుగురం ఇంత కష్టపడడం చూసి, ఇదేదో ప్రభుత్వ ఉద్యోగంలా ఉంది, జీతం ఒక్కటే తక్కువ అనేవాణ్ణి. నిజానికి ఇప్పుడు ఆలోచిస్తే మా మంచి సాయంత్రాలు అవే. గెలవాలన్న గొడవ లేదు, ఓడిపోతామన్న భయం లేదు. అక్క బడి కబుర్లు చెప్పేది, బావ కాలువలో ఈసారి నీళ్ళు ఎప్పుడొదులుతారో చెప్పేవాడు, అన్న పాత ఎస్టీడీ కస్టమర్ల గొంతులు అనుకరించేవాడు. మధ్యలో ఎవరో ఒకరు గుర్తొచ్చి తెర వైపు చూసేవారు, ప్రపంచం ఉందా అని. ఉండేది.

ఒక రోజు అక్క తెర చూసి, "అన్నా, గీడ ఇంకో బురుజు లేస్తుంది" అంది.

పటం అవతలి మూల, మేమెప్పుడూ పట్టించుకోని చోట, ఎవరో బురుజు కట్టుకుంటూ వస్తున్నారు. మాది ఆగిన ఎత్తు దాకా వచ్చేసింది. అది పూర్తయితే వాళ్ళు గెలుస్తారు, ప్రపంచం ముగుస్తుంది, మా కాపలా అంతా వృథా.

బావ యాస మార్చేశాడు. "నేను ఆనాడే చెప్పిన! ఇప్పుడన్న నొక్కుదామంటవా లేదా?"

"ముందు వాళ్ళు ఎవరో అడుగుదం తమ్మీ" అంది అక్క. దయచేసి కొంతకాలం ఆపుతారా, మాకు ఈ ప్రపంచం ముగియడం ఇష్టం లేదు అని రాసింది. ఆటలో అలాంటి విన్నపం అంతకుముందు ఎవరూ రాసి ఉండరు.

జవాబు మర్నాడు సాయంత్రానికి వచ్చింది. అక్క తెర మీద చదువుతూ మాకు తెలుగులో చెప్పింది. వాళ్ళు ఇద్దరే, భార్యాభర్తలు. వాళ్ళ జట్టులో అందరూ ఎప్పుడో వెళ్ళిపోయారు. వాళ్ళకూ మానేయాలని ఉంది. ఇన్నేళ్ళు ఆడి ముగింపు తెర ఎలా ఉంటుందో చూడకుండా వెళ్ళబుద్ధి కావడం లేదు, అది చూసి మానేస్తారు. కానీ ఆఖరి అంతస్తుకు ధాన్యం చాలడం లేదు, కూలీలు ఆకలికి పోతున్నారు, ఈ వారం దాటితే బురుజు కూలిపోతుందేమో. అంచేత మీరు కంగారు పడకండి అని కూడా రాశారు.

"ఏడ్సినట్టున్నది" అన్నాడు బావ. "మనం ఇన్నొద్దులు ఆపుకుంట కూసున్నది ఈళ్ళ గృహప్రవేశానికా?"

"వాళ్ళే కూలిపోతదంటుండ్రు గదా" అన్నాను. "మనం ఏం జెయ్యకుంటె సాలు. ఏం జెయ్యకపోవుడు మనకు అలవాటే."

అంటే దారి తేలికగానే ఉంది. చేతులు కట్టుకు కూర్చుంటే వాళ్ళ బురుజు పడిపోతుంది, మా ప్రపంచం నిలుస్తుంది, అన్నకు కావలసిందీ అదే. లేదా బావ అన్నట్టు మేమే నొక్కి గెలవచ్చు. ఆ వారం నీరటి అన్న. నలుగురి గాదెలూ ఆయన చేతిలో ఉన్నాయి.

అన్న ఆ సందేశాన్ని అక్క చేత మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత ఎవరినీ అడక్కుండా నలుగురి ఊళ్ళూ తెరిచి, బండ్లకు ధాన్యం ఎత్తడం మొదలుపెట్టాడు. బండ్లు ఎటు పోతున్నాయో అక్క ముందు చూసింది.

"అన్నా, వాళ్ళకా?"

"గాదె ఎండింది వాళ్ళదే గదనే చెల్లె."

"వాళ్ళు మన జట్టు గాదు!" అన్నాడు బావ. "అన్నా, నీకే గదా గీ ఆట ఐపోవద్దని ఉన్నది? నీకోసమే గదా నేను ఆగింది?"

"అవుర బావా, నాకోసమే ఆగినవ్" అన్నాడు అన్న, చేతులు ఆపకుండా. "ఆగుడు మంచిగనే ఉన్నది. గని వాళ్ళిద్దరు పోదామనుకుంటుండ్రు. మనం అడ్డం కూసున్నమని పోలేకుంట ఉన్నరు. పోయేటోళ్ళను పట్టుకొని కూసుంటె వాళ్ళు ఉన్నట్టా?"

ఇది మాకు చెప్తున్నాడో తనకు తాను చెప్పుకుంటున్నాడో ఎవరమూ అడగలేదు. బావ పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తన ఊరు తెరిచాడు. మా బురుజు ఆఖరి అంతస్తు బటన్ ఆయన ఊళ్ళోనే ఉంది. మౌస్ మీద చెయ్యి పెట్టాడు. అన్న బండ్లు చేరేలోపు ఆ బటన్ నొక్కితే గెలుపు మాది, వాళ్ళు ముగింపు తెర చూసినా అందులో మా పేర్లుంటాయి. ఎన్నేళ్ళ కోరిక అది. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, దొరక్క మూసేశాను. నా జీవితంలో అది అరుదు.

"వంతు నీది అన్నా" అన్నాడు బావ చివరికి. మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరిపాడు. "వచ్చే వారం నాదైతుండె."

"అవు" అన్నాడు అన్న.

"వచ్చే వారం తిడత నిన్ను."

"తిట్టు బావా. వస్తవు గదా మరి తిట్టనీకి."

రెండో రోజు మధ్యాహ్నం నలుగురం తెర ముందు ఉన్నాం. పటం మాయమై, వాళ్ళ పేర్లతో ముగింపు పేజీ వచ్చింది. దాన్ని గురించి ఏళ్ళతరబడి ఊహించుకున్నాం గనక చెప్తున్నాను: అది ఏమంత గొప్పగా లేదు. ఒక బురుజు బొమ్మ, రెండు బాణసంచా చుక్కలు. కింద రకరకాల బిరుదులు. గొప్ప యోధుడు, గొప్ప దోపిడీదారు, అలాంటివి. అన్నిటికంటే కింద, దోపిడీలో అందరికంటే తక్కువ పోగొట్టుకున్న జట్టు అని మా పేర్లున్నాయి.

"ఇంట్లో చూపించాల్సిన బిరుదే" అన్నాను.

బావ నిజంగానే ప్రింటు తీయమన్నాడు. "నాన్నకు చూపిత్తాను" అన్నాడు. యాస మామూలుకొచ్చేసింది. ఆ ఇద్దరి నుంచి ఒక సందేశం వచ్చి ఉండాలి గానీ, సందేశాల పెట్టె కూడా ప్రపంచంతోపాటే చెరిగిపోయింది. ధన్యవాదాలు అన్నారో, ఎవరు మీరంతా అన్నారో, మాకు తెలియదు.

కొత్త పటంలో చేరండి అని ఒక బటన్ మెరుస్తూ ఉంది. ఎవరమూ నొక్కలేదు. సాయంత్రానికల్లా ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. అక్క ఆటో ఎక్కేటప్పుడు రేపు వస్తాను అనలేదు. మేమూ వస్తావా అని అడగలేదు. అన్న షట్టర్ మామూలుకంటే ముందే దించాడు.

మర్నాడు సాయంత్రం నేను ఊరికే అటు వెళ్ళాను. షాపులో ఎవరో కుర్రవాడు ఉద్యోగం దరఖాస్తు నింపించుకుంటున్నాడు. అన్న నన్ను చూసి, మామూలు కస్టమర్‌ని అడిగినట్టు, "ఏం గావాలె?" అన్నాడు.

"ఏం లేదన్నా."

"మరి?"

"ఊరికే వచ్చిన."

ఆయన కుర్చీ చూపించాడు. కాసేపటికి బావ బండి ఆగిన చప్పుడైంది. లోపలికి వచ్చి, నన్ను చూసి, తనకేదో పని ఉందన్నట్టు కంప్యూటర్ల వైపు చూశాడు. పనేమీ తట్టలేదు. "ఇటుగా పోతూ" అన్నాడు. వర్ని నుంచి ఏ పనికి పోయినా ఆ సందు దారిలో పడదు. ఆ తర్వాత అక్క వచ్చింది. ముగ్గురం అప్పటికే కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగి, "మీకు ఇంకేం పనులు లేవా?" అంది, తనేదో పనిమీద వచ్చినట్టు.

అన్న కౌంటర్ వెనకనుంచి నాలుగో కుర్చీ తెచ్చి వేశాడు. కుర్రవాడు, "అన్నా, నా ఫారం" అన్నాడు.

"ఆగు తమ్మీ" అన్నాడు అన్న. "మనుషులొచ్చిండ్రు."